మలుపు దగ్గర జీపు చప్పుడు

మా ఇంట్లో గడియారం చూసి అన్నం వండే అలవాటు లేదు. జీపు చప్పుడు విని వండేదాన్ని. తిరువూరులో మా వీధి మెయిన్ రోడ్డు మీద నుంచి లోపలికి వచ్చి ఒకచోట మోచేతిలా వంగుతుంది. మా ఆయన జీపు ఆ వంపు దగ్గరికి రాగానే రెండుసార్లు గట్టిగా గుర్రుమనేది. తర్వాత గొంతు తగ్గించుకుని మెల్లగా ఇంటి ముందుకొచ్చి ఆగేది. ఆ రెండు గుర్రులు వినపడగానే నేను మరుగుతున్న ఎసట్లో బియ్యం పోసేదాన్ని. ఆయన కాళ్లూ చేతులూ కడుక్కుని, నమాజు చేసుకుని వచ్చేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది. పెళ్లయిన కొత్తలో ఈ ఏర్పాటు లేదు. వేళాపాళా లేకుండా వచ్చేవాడు, అన్నం చల్లారిపోయేది, నేను విసుక్కునేదాన్ని. కొన్నాళ్లకి ఆ జీపు గొంతు నాకు అలవాటైపోయింది.

అది పాత డీజిలు జీపు. మా పెళ్లి నాటికే ముసలిది. దాంతో ఆయన నెమలి ఊళ్లో గుడికి వెళ్లే జనాన్ని ఎక్కించుకునేవాడు, గంపలగూడెం దాకా కూలీలను దింపేవాడు, ఎండాకాలం రెడ్డిగూడెం తోటల్లో నుంచి మామిడికాయలు తోలేవాడు. వానలకి వాగులు పొంగినప్పుడు ఆటోలన్నీ గట్టున నిలబడిపోతే ఫోర్‌వీలు గేరు వేసి దాటించేది అదొక్కటే. తర్వాత తర్వాత షేర్ ఆటోలు ఎక్కువయ్యాయి, జనం జీపు ఎక్కడం మానేశారు. మామిడి పని మాత్రం మిగిలింది. అయినా ఆయన దాన్ని అమ్మలేదు. శుక్రవారం నమాజు కాగానే పాత లుంగీ కట్టుకుని దాని కింద దూరేవాడు.

"నన్నెందుకు చేసుకున్నారు? దాన్నే చేసుకోవాల్సింది" అని దెప్పేదాన్ని.

"బండికి డ్రైవరొక్కడే చాలడు. క్లీనరు కూడా కావాలి" అనేవాడు కింద నుంచి. క్లీనరంటే నేను. పానాలు అందించేదాన్ని, దీపం పట్టుకునేదాన్ని, బ్రేకు తొక్కి పట్టమంటే తొక్కి పట్టేదాన్ని. ఫోన్ చేసినా "ఏం క్లీనరూ, కూరేంటి?" అనేవాడు. పదిమందిలో అలా పిలవొద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు.

పోయిన చలికాలంలో జీపు మొరాయించింది. డీజిలు ట్యాంకులో తుప్పు రాలి పైపుల్లోకి పోతోందని ట్యాంకు దించాడు. కారుతోందని రేడియేటరు తీశాడు. బ్రేకులు అందట్లేదని చక్రాలు విప్పి బండిని ఇటుకల మీద నిలబెట్టాడు. బోల్టులన్నీ పాత బిస్కెట్ డబ్బాల్లో వేసి, "పిల్లల పరీక్షలు కానీ, ముగ్గురం కలిసి బిగిస్తాం" అన్నాడు. ఆ వారంలోనే ఒక పొద్దున మసీదు నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, ఛాతీ పట్టేసినట్టుంది, కాసిని మంచినీళ్లు ఇమ్మన్నాడు. కార్లో విజయవాడ తీసుకెళ్లారు. సాయంత్రం అంబులెన్సులో తీసుకొచ్చారు.

మాలో భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఇద్దత్ అంటారు. పరాయి మగవాళ్ల కంట పడకూడదు, రంగు చీర కట్టకూడదు. నాకు అందులో కష్టమేమీ అనిపించలేదు. ఎక్కడికి పోవాలని నాకు? ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్లు "సబర్ చెయ్యమ్మా, సబర్ చెయ్యి" అంటుంటే మాత్రం ఒళ్లు మండేది. ఓపిక పట్టి కూర్చుంటే వచ్చే మనిషి కోసం ఓపిక పట్టమనాలి. ఆయన కోసం ఏం ఓపిక పట్టను? పైకి అనేదాన్ని కాదు, తలూపి టీ పెట్టించేదాన్ని.

నా గది కిటికీ ఇంటి పక్క ఖాళీ జాగాలోకి ఉంటుంది. కిటికీ ఎదురుగా జీపు, ముఖం నా వైపు పెట్టి, చక్రాల్లేకుండా నిలబడి ఉండేది. ఇద్దత్ అంతా దానికీ నాకూ ఎదురుబొదురు కాపరం.

ఆ జాగాలో మా బావగారికీ వాటా ఉంది. మా ఆయనకి అన్న. చెడ్డవాడు కాదు, తమ్ముడు పోయినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక తలుపు అవతల నిలబడి, "అక్కడ రెండు షాపు గదులు కట్టుకుంటే పిల్లలకి ఆధారం ఉంటుందమ్మా. ఆ బండి అలా శవంలా పడి ఉంటే అందరికీ గుండె కోతే. నీ గడువు తీరేలోపు దానంతట అది కదిలితే ఉంచుకోండి, గదులు ఇంకోపక్క చూద్దాం. లేదంటే పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దాం" అన్నాడు.

ఆ మాటకి నాకు దిగులు పట్టుకుంది. జీపు పోతుందని కాదు. ఇనుం ముక్క, ఎన్నాళ్లు ఉంటుంది? ఆ మలుపు దగ్గర గుర్రుమనే చప్పుడు ఇంకొక్కసారి వినాలని నాకు. ఆయన ఫోటోలు ఉన్నాయి, ఫోన్‌లో గొంతు ఉంది, ఆ చప్పుడు మాత్రం ఎవరూ దాచలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదనే అనుకున్నాను కానీ, మా పెద్దమ్మాయి దగ్గర ఎప్పుడో నోరు జారినట్టున్నాను. అది వాళ్ల పెదనాన్న అటు వెళ్లగానే వచ్చి, "మేం బిగిస్తాం" అంది. అది ఇంటర్ రెండో ఏడు. వెనకాలే చిన్నాడు, పదో తరగతి, అప్పుడే మీసం మొలుస్తోంది. వాడు అక్క చెప్పిన దేనికీ ఒప్పుకోడు, దీనికి ఒప్పుకున్నాడు.

పరీక్షలు అయ్యేదాకా పానా ముడితే చేతులు విరగ్గొడతానన్నాను. సరేనన్నారు, దొంగతనంగా మొదలుపెట్టారు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఇసక కాగితంతో తుప్పు రుద్దుతుంటే కిటికీలో నుంచి నాకు కనపడదా? చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మా ఆయనకి స్నేహితుడు ఒక మెకానిక్కు ఉన్నాడు. పిల్లలు వెళ్లి పిలిస్తే, "వదిన ఇద్దత్‌లో ఉంది, ఆ కిటికీ ముందుకి నేనెలా వస్తానురా? బండిని షెడ్డుకి తీసుకురండి" అన్నాడట. చక్రాలూ బ్రేకులూ లేని బండిని ఎలా తీసుకెళ్తారు? చేసుకుంటే వీళ్లే చేసుకోవాలి. ఏది ఎక్కడిదో తెలిసిన మనిషి ఇంట్లో నేనొక్కదాన్నే. ఇరవై ఏళ్లు పానాలు అందించాను కాబట్టి పేర్లు తెలుసు. బయటికి వెళ్లి చూపించడానికి లేదు, అటు వీధి గోడ నడుం ఎత్తే.

కిటికీలో నుంచి అరిచి చెప్పేదాన్ని. మా అత్తగారు వసారాలో మంచం మీద నుంచి కోప్పడింది. "గడువులో ఉన్న దానివి, నీ గొంతు వీధి చివరికి వినపడుతోంది. జనం ఏమనుకుంటారు?" అంది. కాసేపటికి ఆమే మంచం కిటికీ పక్కకి లాగించుకుని, "నువ్వు నాకు చెప్పు, నేను వాళ్లకి చెప్తా" అంది. అప్పటి నుంచి నేను గుసగుసగా చెప్పడం, ఆమె కేకేయడం. ఒకరోజు నేను గాస్కెట్టు మార్చమన్నాను. "మీ అమ్మ బాస్కెట్టు మార్చమంటోంది" అని ఆమె అరిచింది. చిన్నాడు వంటింట్లో నుంచి కూరల బుట్ట పట్టుకొచ్చి, "ఇదెక్కడ పెట్టాలే నానమ్మా?" అని అడిగాడు. ఆయన పోయాక మా ఇంట్లో నవ్వు వినపడింది ఆ రోజే. నవ్వాక నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏదో తప్పు చేసినవాళ్లలా గబగబా పనుల్లో పడ్డాం.

పరీక్షలు అయ్యాక పని జోరందుకుంది. ట్యాంకు కడిగారు, రేడియేటరు అతికించుకొచ్చారు, బ్రేకులకి కొత్త రబ్బర్లు వేశారు. పెద్దది ఫోన్‌లో వీడియోలు చూసి చెప్పేది, చిన్నాడు కండ ఉపయోగించేవాడు. డీజిలు పంపు దగ్గరికి వచ్చేసరికి గొడవయింది. ట్యాంకు విప్పిన బండి కాబట్టి పైపుల్లో గాలి చేరుతుంది. ఎయిర్ పట్టిందంటారు. ఒక చిన్న బోల్టు వదులు చేసి, బొటనవేలితో మీట నొక్కుతూ ఆ గాలి తీయాలి. "కుడి పక్క బోల్టు వదులు చెయ్యి" అని చెప్పాను. మా అత్తగారు అలాగే కేకేసింది.

వాడు బండి కింద వెల్లకిలా దూరి ఒక బోల్టుకి పానా వేసి లాగాడు. రాలేదు. సుత్తితో కొట్టాడు. పైపు టక్కున విరిగి, డీజిలు వాడి మొహాన చిమ్మింది.

"అది కాదురా! కుడి అన్నాను కదా!" అని నేనే అరిచాను.

"ఇదే కుడి!"

"నా కుడి రా!"

"నీ కుడి నాకెలా తెలుస్తుంది? లోపల కూర్చుని చెప్పేదానికి ఇంకో కుడి ఉంటుందా?" అని బయటికొచ్చి పానా విసిరికొట్టాడు. "నాన్న ఉంటే..." అన్నాడు, అక్కడే ఆగిపోయాడు. చొక్కాతో మొహం తుడుచుకుంటూ గేటు తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు.

నాకు వాడి మీద కోపం రాలేదు. ఆయన మీద వచ్చింది. ఇంత పని మా నెత్తిన పడేసి పోతాడా అనిపించింది. కిటికీ ఊచలు పట్టుకుని జీపు వంక చూస్తూ లోలోపల ఆయన్ని తిట్టుకున్నాను. తిట్టుకుంటుంటే ఒక సంగతి తట్టింది. ఆయన నాకు బండి పని చెప్పేటప్పుడు ఒక్కనాడూ ఎడం, కుడి అనలేదు. "డ్రైవరు పక్క బోల్టు", "క్లీనరు పక్క చక్రం" అనేవాడు. డ్రైవర్లంతా అలాగే అంటారు. స్టీరింగు ఉన్నది డ్రైవరు పక్క, రెండోది క్లీనరు పక్క. బండి ముందు నుంచి చూసినా, వెనక నుంచి చూసినా, కింద పడుకుని చూసినా అది మారదు. ఇన్ని నెలలు ఆ మాట నాకెందుకు నోట రాలేదో నాకు తెలుసు. క్లీనరు అనేది నా పేరు. ఆ పేరుతో పిలిచే మనిషి లేకుండా నాకు నేనే ఎలా అనుకోను?

తెల్లారి వాడిని కిటికీ దగ్గరికి పిలిచాను. "నువ్వు విప్పాల్సింది క్లీనరు పక్కది" అన్నాను. వాడు నా వంక చూసి, ఊచల్లో నుంచి చెయ్యి పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి చేతికి ఆయన చేతి వాసనే, డీజిలూ గ్రీజూ కలిసిన వాసన. వాడు అటు తిరిగాక చాలాసేపు చెయ్యి కడుక్కోలేదు నేను.

విరిగిన పైపు విజయవాడ నుంచి తెప్పించుకున్నారు. ఇక మిగిలింది సైలెన్సరు. దానికి ఒక బొక్క ఉంది, ఎప్పటి నుంచో. చిన్నాడు వెల్డింగు పెట్టిద్దామన్నాడు. పెద్దది ఒప్పుకోలేదు. "అది మూస్తే సౌండు మారిపోద్దిరా. అమ్మకి ఆ సౌండే కావాలి" అంది నాకు వినపడదనుకుని. వాడు ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా బొక్క సైలెన్సరే తుడిచి బిగించాడు.

గడువు తీరడానికి ముందు రోజు సాయంత్రం చక్రాలు ఎక్కించి బ్యాటరీ పెట్టారు. పెద్దదానికి పంపు దగ్గర మీట నొక్కీ నొక్కీ వేలు వాచిపోయింది. నురగ నురగగా వచ్చిన డీజిలు చివరికి నురగ లేకుండా కారింది. చిన్నాడు తాళం తిప్పాడు. రెండు మూడుసార్లు దగ్గి, జాగా అంతా నల్లపొగ నింపి, అంటుకుంది. మా అత్తగారు మంచం మీదే చేతులెత్తి దువా చేసింది. పిల్లలిద్దరూ నా కిటికీ వంక చూశారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపాను. ఇంజను చప్పుడు అదే, అనుమానం లేదు. కానీ నాకు కావలసింది నిలబడిన బండి చప్పుడు కాదు. అది రేపు.

మర్నాడు గంపలగూడెం నుంచి మా తమ్ముడు వచ్చాడు. ఇద్దత్ తీరిన రోజు పుట్టింటివాళ్లు కొత్త బట్టలు తెచ్చి మనిషిని బయటికి తీసుకెళ్లడం మా ఆచారం. వాడు ఆటో డ్రైవరు, అంతకు ముందు లారీ కూడా తోలాడు. ఆకుపచ్చ చీర తెచ్చాడు. బావగారూ వచ్చాడు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద చెయ్యి వేసి, "ఉండనీయండమ్మా" అన్నాడు. ఆ మాటతో జీపు మాకు దక్కింది. బంకు దాకా వెళ్లి డీజిలు కొట్టించుకుని వస్తామని పిల్లలు వాళ్ల మామయ్యని స్టీరింగు ముందు కూర్చోబెట్టి బయల్దేరారు.

గేటు దాకా వెళ్లినా ఇక నన్ను ఎవరూ ఏమీ అనరు. నేను వెళ్లలేదు. స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. ఎసరు పెట్టాను. బియ్యం కడిగి గిన్నె చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

దూరంగా మెయిన్ రోడ్డు మీద జీపు చప్పుడు వినపడింది. వీధిలోకి తిరిగింది. మలుపు దగ్గరికి వచ్చింది. నేను గిన్నె ఎసరు దగ్గరికి తెచ్చాను. జీపు ఆ మలుపు మెత్తగా తిరిగి, అదే గొంతుతో నేరుగా వచ్చి ఇంటి ముందు ఆగింది. గుర్రుమనలేదు. ఒక్కసారి కూడా.

చిన్నాడు చెప్పులతోనే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, విన్నావా? అదే సౌండు కదా? అదే కదా?"

"అదేరా నాన్నా. అచ్చం అదే" అన్నాను.

వాడి మొహం విప్పారింది. మామయ్యకి చెప్పడానికి మళ్లీ బయటికి పరుగెత్తాడు. పెద్దది మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రెండుసార్లు రాలేదుగా అమ్మా" అంది మెల్లగా.

నేను పొయ్యి వైపు తిరిగాను.

"నేను మామయ్యకి చెప్పాను. మలుపులో నాన్నలాగ యాక్సిలరేటరు రెండుసార్లు తన్ను మామయ్యా అని. అక్కడ గేరు మార్చే పనే లేదంట. ఊరికే ఎందుకు తంతారే, డీజిలు దండగ అన్నాడు." కాస్త ఆగి, "మరి నాన్నెందుకమ్మా రోజూ..." అంది. నా చేతిలో బియ్యం గిన్నె చూసింది. మిగతాది అడగలేదు.

ముసలి బండి, దాని గుణం అంత అనుకున్నాను ఇరవై ఏళ్లూ. ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. వస్తున్నాను, బియ్యం పొయ్యి అని రోజూ వీధి మలుపు నుంచి నన్ను పిలుస్తుంటే, జీపు అరుస్తోందనుకుని బియ్యం పోస్తూ వచ్చాను. పొయ్యి మీద ఎసరు తెర్లిపోతోంది. పెద్దది వచ్చి నా పక్కన నిలబడింది. బియ్యం పోయడానికి నాకు చెయ్యి రాలేదు.